ఫెండర్‌కి ఇంట్లోనే రంగు వేసుకోవచ్చా?

ప్రశ్న: అన్నగారూ, మాది కాకినాడ. నాన్న 2013లో కొన్న తెల్ల వ్యాగన్ ఆర్ ఇప్పుడు నా చేతికొచ్చింది. పోయిన వారం కారు లోపల పెడుతుంటే ఎడమ ముందు ఫెండర్ గేటు స్తంభానికి రాసుకుంది. జానెడు పొడవున రంగు లేచి రేకు కనపడుతోంది, మధ్యలో చిన్న సొట్ట. అప్పుడే తుప్పు కూడా మొదలైంది. పక్కనున్న డోర్ మీద సన్నగీతలు పడ్డాయి. టింకరింగ్ షెడ్డులో ఫెండర్ ఒక్కటే అయితే నాలుగున్నర వేలు, డోర్‌తో కలిపి ఎనిమిది వేలు అన్నారు. వీడియోలు చూశాక స్ప్రే డబ్బాలతో నేనే చేద్దామనిపిస్తోంది. నాన్న మాత్రం "ఉన్నది కూడా పాడుచేస్తావు" అంటున్నారు. పోనీ ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా? ఫిబ్రవరి మూడో వారంలో చెల్లి పెళ్లి. పెళ్లికూతుర్ని ఈ కారులోనే తీసుకెళ్లాలి. ఆలోపు అవుతుందా?

సమాధానం:

ఫెండర్ మీరే చేసుకోవచ్చు. డోర్‌కి స్ప్రే కొట్టే జోలికి మాత్రం పోకండి.

ముందు డోర్ సంగతి తేల్చేస్తాను. ఆ గీతల మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు గీతలో తగులుకోకపోతే రబ్బింగ్ కాంపౌండ్ అనే పాలిష్ పేస్టుతో రుద్దితే చాలావరకు పోతాయి. తగులుకుంటే సన్న బ్రష్షుతో అదే రంగు గీతలో నింపి వదిలేయండి, మూడడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు. డోర్ చదునుగా, కారుకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. దాని మీద చిన్న తేడా వచ్చినా చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది. ఫెండర్ అలా కాదు. చిన్న ప్యానెల్. ఒకవైపు బోనెట్ సందు, ఒకవైపు డోర్ సందు, ముందు బంపర్, కింద చక్రం. నాలుగు వైపులా సహజంగానే హద్దులున్నాయి కాబట్టి రంగు ఎక్కడ ఆపాలన్న టెన్షన్ ఉండదు. పైగా మీది మెటాలిక్ కాదు, మామూలు తెలుపు. సిల్వర్ కారు అయ్యుంటే షెడ్డుకే పంపేవాణ్ణి. సిల్వర్‌లో అల్యూమినియం రేణువులు ఏ వాలులో పడ్డాయన్న దాన్ని బట్టి ఒకే డబ్బా రంగు కూడా ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా కనపడుతుంది. మొదటిసారి చేసేవాళ్లకి అది లొంగదు.

ఇన్సూరెన్స్ వద్దు. 2013 బండికి చాలామంది థర్డ్ పార్టీ ఒక్కటే కట్టిస్తారు. మీదీ అదే అయితే ఇక ప్రశ్నే లేదు. ఫుల్ పాలసీ ఉన్నా, 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. దానికితోడు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అది మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా ఐదేళ్లకి 50 శాతం దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా నుంచి ఎక్కాలి. నాలుగున్నర వేల పనికి అది పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

డబ్బు మిగులుతుందనే లెక్కతో మాత్రం దిగకండి. డబ్బాలు, లప్పం, పేపర్లు, టేపు, మాస్కు, కాంపౌండ్ అన్నీ కొనేసరికి మూడు వేలకి కాస్త అటూఇటూ అవుతుంది. మీ రెండు మూడు ఆదివారాలు అదనం. మిగిలేది వెయ్యో, వెయ్యిన్నరో. నేర్చుకోవాలన్న సరదా ఉంటేనే చేయండి. మీ ఉత్తరం చూస్తే ఉందనే అనిపించింది.

మీరు చూసిన వీడియోల్లో పదింతల వేగంతో తిప్పేసే భాగం ఒకటుంటుంది. పని అంతా అక్కడే ఉంది. రంగు కొట్టడానికి పట్టేది గంట. దానికి ముందు రుద్దడానికి రెండు రోజులు పడుతుంది. షెడ్డువాళ్లు తీసుకునే డబ్బులో ఎక్కువ భాగం ఈ రుద్దుడికే. గీత, గుంట, పాత రంగు అంచు, వీటిలో ఏదీ రంగు కింద దాగదు. పొడి రేకు మీద కనపడని గుంట మెరిసే రంగు పడ్డాక అద్దంలో చూసినట్టు బయటపడుతుంది.

సరే, వరసగా చెప్తాను. ముందు రంగు కోడ్ చూసుకోండి. బోనెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన ప్లేటు మీద గానీ, డోర్ పిల్లర్ మీది స్టిక్కర్‌లో గానీ ఉంటుంది. మారుతి మామూలు తెలుపు అయితే బహుశా 26యూ అని ఉంటుంది, అది సుపీరియర్ వైట్. మారుతిలోనే పెర్ల్ తెలుపు ఇంకోటుంది, రెండూ కలవవు. "తెలుపేగా" అని దుకాణంలో అడిగితే ఏదో ఒక తెలుపు చేతిలో పెడతారు, కొట్టాక ఫెండర్ నీలంగానో పసుప్పచ్చగానో తేలుతుంది. ఇంకో సంగతి. పన్నెండేళ్లు సముద్రం గాలిలో, ఎండలో తిరిగిన కారు రంగు కోడ్‌లో ఉన్న రంగుకి కొంచెం దూరం జరిగే ఉంటుంది. అందుకే పెట్రోల్ ట్యాంకు మూత తలుపు విప్పి, కాంపౌండ్‌తో పాలిష్ చేసి, దాన్నే కంప్యూటర్ మిక్సింగ్ చేసే పెయింట్ షాపుకి తీసుకెళ్లండి. దాన్ని చూసి రంగు కలుపుతారు. కలిపిన రంగుని స్ప్రే డబ్బాలో నింపి ఇచ్చే షాపులూ ఉన్నాయి. మీ ఊళ్లో దొరక్కపోతే గాజువాక ఆటోనగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో చూడండి. ఇంటికి తెచ్చాక ఒక అట్టముక్క మీద కొట్టి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో డోర్‌కి ఆనించి చూడండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, అన్ని తెలుపులూ ఒకటే అనిపిస్తాయి.

ఒక ఫెండర్‌కి సర్ఫేసర్ (రంగు కింద వేసే ప్రైమర్ పొర) డబ్బా ఒకటి, రంగు రెండు, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శకమైన మెరుపు పొర) రెండు తెచ్చుకోండి. సగం మిగిలినా నష్టం లేదు. క్లియర్ కొడుతుండగా డబ్బా అయిపోయి, చెప్పులేసుకుని షాపుకి పరుగెత్తిన వాళ్ల కష్టం నాకు తెలుసు.

డబ్బాల దగ్గరే ఇంకో మాట, ఇది కాస్త శ్రద్ధగా చదవండి. క్లియర్‌లో రెండు రకాలు. మామూలుది 1కే, థిన్నర్ ఎగిరిపోతే ఆరిపోతుంది. రెండోది 2కే, హార్డెనర్ కలిసేది. డబ్బా అడుగున పిన్ను నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది. మెరుపులో, గట్టిదనంలో 2కేదే పైచేయి, వీడియోల్లో అందరూ మెచ్చుకునేదీ అదే. ఇంట్లో పనికి నేను ఒప్పుకోను. ఆ హార్డెనర్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి. తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. వాసన బట్టి కనిపెడదామన్నా కుదరదు, మనకి వాసన తెలిసేలోపే అది ప్రమాదం లేని హద్దు దాటిపోయి ఉంటుంది. దాన్ని కొట్టేవాళ్లు బయటి నుంచి మంచి గాలి గొట్టం ద్వారా వచ్చే మాస్కు పెట్టుకోవాలి. మన షెడ్లలో చేతిరుమాలు కట్టుకుని కొట్టేవాళ్లని చూస్తుంటాం, ఏళ్లు గడిచాక వాళ్ల దగ్గునీ వింటుంటాం. మీరు 1కే తీసుకోండి. దాని లోపం ఒక్కటే. ఆరాక కూడా పెట్రోల్, థిన్నర్ పడితే కరుగుతుంది. ముందు ఫెండర్ మీద పెట్రోల్ పడే పని లేదు కాబట్టి ఫర్వాలేదు. ట్యాంకు మూత ఉన్న వెనక ప్యానెల్ అయితే ఇంకోలా చెప్పేవాణ్ణి.

మన పెయింటర్లు ఇప్పటికీ "డ్యూకో పెయింటింగ్" అంటారు చూశారా, ఆ మాట ఇలాంటి రంగు నుంచి వచ్చిందే. డూపాంట్ కంపెనీ తయారుచేసిన నైట్రోసెల్యులోజ్ లాకర్ పేరు డ్యూకో. 1923లో అమెరికాలో ఓక్లాండ్ అనే జనరల్ మోటార్స్ కార్ల మీద మొదలుపెట్టారు. అంతకుముందు కారుకి బ్రష్షుతో వార్నిష్ పూసి వారాల తరబడి ఆరబెట్టేవాళ్లు. థిన్నర్ ఎగిరిపోగానే ఆరే డ్యూకో వచ్చాక ఆ పని రోజుల్లోకి వచ్చింది. మీ చేతిలోని 1కే డబ్బా ఆరే పద్ధతీ అదే.

1కే అన్నాను కదా అని మాస్కు మానేయొద్దు. రుద్దేటప్పుడు ఎన్95 చాలు. రంగు కొట్టేటప్పుడు థిన్నర్ ఆవిర్లని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. పోర్టికోలో ఇన్వర్టర్ ఉంటే ఆపేయండి, పక్క గదిలో స్టవ్వు, దేవుడి దగ్గర దీపం ఏవీ వెలుగుతూ ఉండకూడదు. పక్కవాళ్ల బండి దగ్గర్లో ఉంటే ముందే జరిపించండి. ఆ తుంపర గాలికి చాలా దూరం పోతుంది, పొద్దున వాళ్ల నల్ల యాక్టివా మీద తెల్ల చుక్కలు కనపడ్డాయంటే ఫెండర్ కంటే పెద్ద గొడవ మొదలవుతుంది.

ఇక పనిలోకి. కారంతా షాంపూతో కడగండి. మైనం, జిడ్డు పోవడానికి పెయింట్ షాపులో వ్యాక్స్ రిమూవర్ అని అడిగి తెచ్చుకోండి, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. ఒక బట్టతో తడిగా తుడిచి, అది ఆరేలోపే ఇంకో పొడిబట్టతో ఎత్తేయాలి. ఆరనిస్తే జిడ్డు ఎక్కడిదక్కడే ఉంటుంది. కిరోసిన్‌తో తుడిచే అలవాటు మనవాళ్లలో ఉంది, అది జిడ్డు తీయడం కాదు, పూయడం. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో ఒక్కసారి ముట్టుకున్నా ఆ చోట రంగు నిలవదు. డ్యాష్‌బోర్డు పాలిష్, టైరు పాలిష్ అయితే మరీ చెడ్డవి, వాటిలో సిలికాన్ ఉంటుంది. రంగు పడగానే చేపకళ్లలా గుండ్రటి గుంటలు తేలతాయి. ఈ నెలంతా ఆ సీసాలు కారు దరిదాపుల్లోకి రానివ్వకండి. జిడ్డు తీయడం ఎప్పుడూ రుద్దడానికి ముందే. ముందు రుద్దితే జిడ్డుని గీతల్లోకి దూర్చినట్టే.

ఫెండర్‌కి ఇదివరకు ఎప్పుడైనా షెడ్డులో రంగు వేశారేమో నాన్నగారిని అడగండి. ఆయనకి గుర్తులేకపోతే థిన్నర్‌లో తడిపిన గుడ్డని చక్రం అంచు దగ్గర అర నిమిషం అదిమి పట్టండి. కంపెనీ రంగుని కొలిమి లాంటి గదిలో సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, అది చలించదు. మెత్తబడి గుడ్డకి అంటుకుంటే మధ్యలో ఎవరో వేసిన రంగు. దాని మీద మీ డబ్బా రంగు పడితే అప్పడంలా ముడతలు పడొచ్చు. అప్పుడు ముందు సర్ఫేసర్‌ని పల్చటి తుంపరలుగా, ప్రతి కోటునీ బాగా ఆరనిస్తూ కొట్టి పాత రంగుని మూసేయాలి.

తుప్పు ఉన్నంత మేర 80 నంబరు గరుకు పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ పేపర్ నునుపు) రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దండి. పైపైన గోధుమరంగు పోతే చాలదు, సూదిమొనంత నల్లచుక్కలు కూడా పోవాలి. పోని చుక్కల మీద తుప్పుని మార్చే ద్రావణం రాసి, డబ్బా మీద రాసినంత సేపు ఉంచి శుభ్రంగా తుడవండి. పాత రంగు అంచు మెట్టులా నిలబడి ఉంటుంది. దాన్ని 180, తర్వాత 320తో చుట్టూ పలచబరచాలి. సరిగ్గా చేస్తే తెలుపు, సర్ఫేసర్ బూడిదరంగు, రేకు మ్యాపులో గీతల్లా వలయాలుగా కనపడతాయి. కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూడండి. కంటికంటే అరచేయి బాగా చెప్తుంది. పల్చటి గుడ్డ అడ్డం పెట్టి నిమిరితే ఇంకా బాగా తెలుస్తుంది.

సొట్ట ఎంత లోతుందో స్కేలు ఆనించి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే లప్పంతో నింపకండి. చక్రం లోపలి ప్లాస్టిక్ కవరు విప్పి, వెనక నుంచి చెక్కముక్క పెట్టి నెమ్మదిగా బయటకి నెట్టి, మిగిలినదానికే లప్పం పెట్టండి. లప్పం అంటే గోడలకి పెట్టేది కాదు. ట్యూబులో వచ్చే ఎన్‌సీ పుట్టీ కూడా కాదు, అది పిన్ను గుచ్చినంత రంధ్రాలకే పనికొస్తుంది. హార్డెనర్‌తో వచ్చే పాలిస్టర్ లప్పం కావాలి. వంద గ్రాములకి రెండు గ్రాముల హార్డెనర్. త్వరగా గట్టిపడాలని ఎక్కువ వేస్తే ఆ హార్డెనర్ ఎరుపు తర్వాత తెల్ల రంగులోంచి మరకగా పైకి వస్తుంది. తెల్లకారు వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. చారలు లేకుండా ఒకటే రంగు వచ్చేదాకా కలపండి, కానీ త్వరగా. మన వేడికి నాలుగైదు నిమిషాల్లో చేతిలోనే గడ్డ కడుతుంది. కొంచెం కొంచెం కలుపుకోండి. మొదట పల్చగా అదిమి, తర్వాత చుట్టుపక్కల కంటే కాస్త ఎత్తుగా పెట్టండి.

ఇప్పుడు షెడ్లలో జరిగే పెద్ద తప్పు ఒకటి చెప్తాను. లప్పాన్ని నీళ్లు పోసి రుద్దుతారు. దుమ్ము లేవదు, పని సాఫీగా సాగుతుంది. కానీ పాలిస్టర్ లప్పం స్పాంజిలాంటిది, నీళ్లు పీల్చుకుంటుంది. ఆ తడి మీదే రంగు మూసేస్తే ఆరు నెలలకో, మొదటి వేసవికో పొక్కులుగా పైకి వస్తుంది, లోపల రేకుకి తుప్పు కూడా పడుతుంది. రంగు బాలేదని అప్పుడు డబ్బాని తిడతాం. మీరు లప్పాన్ని పొడిగానే రుద్దండి, చెక్కముక్కకి పేపర్ చుట్టి. చేత్తో నేరుగా రుద్దితే వేళ్ల అచ్చులు పడతాయి. 80తో ఆకారం తెచ్చి, 180, 320. రుద్దాక పైన నల్ల స్ప్రే ఒక్క తుంపర దులిపి మళ్లీ పైపైన రుద్దండి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు. మళ్లీ కాస్త లప్పం. మూడుసార్లు పెట్టాల్సి వచ్చినా చిన్నబోకండి, చేయి తిరిగినవాళ్లు కూడా రెండుసార్లు పెడతారు.

మీ ఊరి గాలిలో ఉప్పుంది. మెరిసేలా రుద్దిన రేకుని రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి మళ్లీ ఎర్రబడుతుంది. లప్పం పని ఏ రోజు ముగిస్తే ఆ రోజే సర్ఫేసర్ కొట్టేయండి. గేటుకి వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ ఉందని దాన్ని పూయకండి. దాని మీద డబ్బా రంగు పడితే అడుగు ఉబ్బి ముడతలు వస్తాయి.

సర్ఫేసర్ రెండు మూడు కోట్లు, మధ్యలో పది పదిహేను నిమిషాలు. రాత్రంతా ఆరాక ఈసారి నీళ్లతో, 600 నంబరు నీళ్లపేపర్‌తో నునుపు చేయండి. నీళ్లలో ఒక చుక్క షాంపూ. ఎక్కడైనా రేకు మళ్లీ బయటపడితే అక్కడ మళ్లీ సర్ఫేసర్. మిగిలిన ఫెండర్ అంతా, పాత రంగు బాగానే ఉన్నచోట కూడా, 800తో మెరుపు పోయేదాకా రుద్దాలి. మెరుపు మిగిలినచోట కొత్త క్లియర్ అతుక్కోదు, ఏడాదికల్లా పొరలా లేచిపోతుంది. రెండో ఆదివారం ఇక్కడితో అయిపోతుంది. చేతులు నొప్పిపుడతాయి.

మాస్కింగ్ దగ్గర పిసినారితనం వద్దు. ప్యాకింగ్ టేపు జిగురు వదులుతుంది, పెయింటర్లు వాడే టేపే కొనండి. న్యూస్‌పేపర్ రెండు వరసలు వేయండి, ఒక వరస వేస్తే రంగు నానుతుంది. సైడ్ ఇండికేటర్ విప్పేయండి. బోనెట్, డోర్ తెరిచి సందుల లోపలి నుంచి టేపు వేసి మూయండి. హెడ్‌లైటు, టైరు, అద్దం అన్నీ కప్పాలి. బంపర్ కూడా కప్పేయండి. అది ప్లాస్టిక్, దానికి వేరే ప్రైమర్ కావాలి, ఇప్పుడు దాని జోలి వద్దు.

రంగు కొట్టే ముందు రోజు ఒక పాత నూనెడబ్బా రేకుని గోడకి నిలబెట్టి దాని మీద చేయి తిప్పుకోండి. పడుకోబెట్టి కాదు, నిలబెట్టి. రంగు కారేది నిలువు మీదే. డబ్బాని లోపలి గోలీ కదిలాక రెండు నిమిషాలు ఊపాలి. ప్యానెల్‌కి జానెడు దూరం, 20 నుంచి 25 సెంటీమీటర్లు. మీట ప్యానెల్ బయట నొక్కి, చేయి అంతే దూరంలో అడ్డంగా లాగి, అవతల బయటికి వెళ్లాక వదలాలి. మధ్యలో నొక్కితే అక్కడ రంగు గుమ్మరిస్తుంది. ప్రతి వరసా కింది వరసని సగం కప్పాలి. మణికట్టు విసనకర్రలా తిప్పొద్దు, మొత్తం చేయి కదలాలి.

మొదటి కోటు చూసి నిరాశపడతారు, అది చుక్కలు చుక్కలుగా, కింద బూడిదరంగు కనపడుతూ ఉంటుంది. అలాగే ఉండాలి. అక్కడే అందరూ ఆత్రపడి "కప్పేద్దాం" అని దగ్గరికెళ్లి కొడతారు, కారేది అప్పుడే. పది పదిహేను నిమిషాలకొకటి చొప్పున మూడు నాలుగు పల్చటి కోట్లలో తెలుపు నిండుతుంది. దెబ్బ ఉన్నచోట చుట్టూ కాస్త విశాలంగా రంగు, ఆ తర్వాత క్లియర్ మాత్రం ఫెండర్ మొత్తానికి. క్లియర్‌ని ప్యానెల్ మధ్యలో ఆపితే ఆ అంచు ఎన్నటికీ దాగదు. క్లియర్ రెండు పల్చటి కోట్లు, మూడోది కాస్త తడిగా. అప్పుడే మెరుపు కుదురుతుంది. చివరి కోటు అయ్యాక పదిహేను ఇరవై నిమిషాలకి, ఇంకా పచ్చిగా ఉండగానే టేపు వెనక్కి మడిచి నెమ్మదిగా లాగేయండి.

కారిందనుకోండి, వేలితో ముట్టుకోకండి. తడిచేత్తో తుడిచి సరిచేద్దామనుకున్న ప్రతివాడూ మొదటి నుంచి రుద్దుకున్నాడు. వదిలేసి, బాగా ఆరాక చిన్న చెక్కకి 1000 పేపర్ చుట్టి ఆ కారిన గీతని ఒక్కదాన్నే చదును చేయాలి. దోమ వాలినా అంతే, దాని మానాన దాన్ని వదిలేయండి, కాళ్లు తర్వాత పాలిష్‌లో పోతాయి.

వాతావరణం గురించి నా అనుభవం చెప్తే నవ్వుతారు. నేను మొదటిసారి చేసింది పాత మారుతి 800 బోనెట్, అదీ వానాకాలంలో. పగలు వాన పడి ఆగింది. గాలి చల్లగా ఉందని సాయంత్రం క్లియర్ మొదలుపెట్టాను. చెమ్మకి క్లియర్ పాలలా తెల్లబడింది. చూద్దామని పోర్టికోలో లైటు వేశాను. వాన తర్వాత లైటు వేస్తే ఏమొస్తాయో మీకు తెలియంది కాదు, ఉసిళ్లు. పావుగంటలో బోనెట్ అంతా రెక్కలే. మా ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు, ఇప్పటికీ ఉసిళ్లు కనపడితే మాత్రం "మీ బోనెట్ కోసం వచ్చాయి" అంటుంది.

మీకు ఆ బాధ లేదు, డిసెంబరు, జనవరి మంచి కాలం. అయితే తీరంలో పొద్దున మంచు పడుతుంది, రేకు తడిగా ఉంటుంది. తొమ్మిది దాటాక మొదలుపెట్టి మూడింటికల్లా ముగించండి. నీడలో, గాలి ఎక్కువ లేని రోజు చూసుకుని, ముందుగా నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచండి. ఎండలో వేడెక్కిన రేకు మీద కొట్టకండి, తుంపర రేకు మీద పరుచుకునేలోపే ఆరి బత్తాయి తొక్కలా గరుకుగా నిలుస్తుంది. ఇంకో మాట, సంక్రాంతి దగ్గర పడకుండా చూసుకోండి. భోగి మంటల బూడిద వీధంతా ఎగురుతుంది. డిసెంబరులోనే మూడు ఆదివారాలు పెట్టుకుంటే పండగ నాటికి రంగు గట్టిపడి ఉంటుంది.

కొట్టాక వారం రోజులు కారు కవరు కప్పొద్దు, చెట్టు కింద పెట్టొద్దు. కాకి రెట్ట పడితే వెంటనే నీళ్లు పోసి కడిగేయండి. వారం పది రోజులకి మీ గోరు గుర్తు పడటం లేదనిపించాక 2000, తర్వాత 3000 నీళ్లపేపర్‌తో పైపైన తోమి, కాంపౌండ్‌తో రుద్దితే బత్తాయి తొక్క పోయి అద్దంలా వస్తుంది. అంచుల దగ్గర, మడతల మీద రుద్దకండి, అక్కడ క్లియర్ పల్చగా ఉంటుంది, ఒక్క నిమిషంలో కిందికి దిగిపోతారు. కంపెనీ రంగు మొత్తం పొరలన్నీ కలిపినా పదో వంతు మిల్లీమీటరు చుట్టుపక్కలే, మీరు వేసింది అంతకంటే పెద్ద మందమేం కాదు. అదే కాంపౌండ్ డోర్‌కి, బోనెట్‌కి కూడా కొట్టండి. కొత్త ఫెండర్ పక్కన పాత డోర్ వెలవెలబోతుంటే రంగు కలవలేదనిపిస్తుంది, నిజానికి చాలాసార్లు అది మెరుపులో తేడా. వ్యాక్స్ మాత్రం నెల దాటాకే.

అన్నీ చేసి బాగా రాకపోతే? రుద్దేసి షెడ్డుకి తీసుకెళ్లండి. తుప్పు తీసి, లప్పం పొడిగా పెట్టి, సర్ఫేసర్ దాకా మీరే చేసి ఉంటారు కాబట్టి రంగు ఒక్కదానికే బేరమాడొచ్చు. నాన్నగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, కాస్త శాంతిస్తారు.

పెళ్లి ఫిబ్రవరి మూడో వారం అన్నారు. డిసెంబరులో ముగిస్తే చాలినంత సమయం ఉంది. ఒక్క జాగ్రత్త. పెళ్లికారుకి పూలు కట్టేవాళ్లు దండల్ని టేపులతో బాడీకే అంటించేస్తారు, తెల్లారి టేపు లాగితే కొత్త రంగు దానితోపాటు వచ్చేస్తుంది. దండలు బోనెట్ మీదుగా దారంతో కట్టమనండి, ఎడమ ఫెండర్ మీద టేపు పెట్టొద్దని పూలవాళ్లకి మీరే దగ్గరుండి చెప్పండి.